డల్లాస్ (టెలివిజన్ ధారావాహిక)

డల్లాస్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సి.బి.ఎస్. టెలివిజన్ నెట్‌వర్కులో 1978 ఏప్రిల్ 2 నుండి 1991 మే 3 వరకు ప్రసారమైన ఆంగ్ల ధారావాహిక. టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్ నగరానికి సమీపంలో నివసించే యూయింగ్ అనే చమురు వ్యాపార కుటుంబపు కథ ఇందలి ఇతివృత్తము. డేవిడ్ జేకబ్స్ సృష్టించిన ఈ ధారావాహికను లోరిమార్ సంస్థ నిర్మించినది. మొత్తం 14 సీజన్లలో 357 భాగాలు వెలువడినవి.

రాత్రి వేళ అత్యధిక ప్రేక్షకులు టీవీ ముందు ఉండే సమయాన్ని ప్రైమ్ టైమ్ అంటారు. ఆ సమయంలో ప్రసారమైన కుటుంబ ధారావాహికలలో అత్యంత ప్రసిద్ధి చెందినది డల్లాస్. 1980 నవంబరు 21న ప్రసారమైన దీని ఒక భాగం అంతకు ముందున్న వీక్షణ రికార్డులన్నిటినీ అధిగమించినది. అమెరికా టెలివిజన్ చరిత్రలో మూడు నెట్‌వర్కుల యుగానికి గుర్తుగా నేటికీ దీనిని పేర్కొంటారు. నాటి ధారావాహికలను తలచుకొనే అభిమానుల చర్చలలో డల్లాస్ పేరుతో పాటు దాని రేటింగుల ప్రస్తావన కూడా తప్పక వస్తుంది.

పుట్టుక

సబ్బుల కంపెనీలు ప్రాయోజకులుగా మొదట రేడియోలోను, తరువాత టీవీలోను పగటి పూట ప్రసారమైన నిత్య ధారావాహికలకు అమెరికాలో సోప్ ఒపేరా అనే పేరు వచ్చినది. ఇవి ముఖ్యంగా గృహిణుల కొరకు ఉద్దేశింపబడినవి. రాత్రి వేళ ప్రసారమయ్యే నాటకాలలో మాత్రం ఏ వారం కథ ఆ వారమే ముగియడం ఆనవాయితీ. 1964 నుండి 1969 వరకు ఎ.బి.సి. నెట్‌వర్కులో వచ్చిన పేటన్ ప్లేస్ ఇందుకు చెప్పుకోదగిన మినహాయింపు.

డేవిడ్ జేకబ్స్ తొలుత కాలిఫోర్నియాలో ఒకే వీధిలో నివసించే మధ్యతరగతి కుటుంబాల కథను ప్రతిపాదించాడు. సి.బి.ఎస్. వారు అంతకంటె విస్తృతమైన, ఆడంబరమైన కథను కోరడంతో టెక్సస్ చమురు కుటుంబపు కథ రూపొందినది. ముందుగా అనుకున్న కథ డల్లాస్ విజయం తరువాత నాట్స్ లాండింగ్ అనే పేరుతో 1979 డిసెంబరులో ప్రారంభమై 1993 వరకు కొనసాగినది. యూయింగ్ సోదరులలో నడిమివాడైన గ్యారీ అందులో ప్రధాన పాత్ర.

1978 ఏప్రిల్‌లో డల్లాస్ ఐదు భాగాల లఘు ధారావాహికగా మాత్రమే ప్రసారమైనది. అందులో ఏ భాగానికి ఆ భాగమే దాదాపు ఒక పూర్తి కథ. ప్రేక్షకాదరణ లభించిన పిదప సెప్టెంబరు నుండి పూర్తి సీజనుగా మొదలై, క్రమంగా ఒక వారపు ముడిని మరుసటి వారానికి కొనసాగించే ధారావాహిక రూపాన్ని సంతరించుకొన్నది.

కథ, పాత్రలు

జాక్ యూయింగ్, డిగ్గర్ బార్న్స్ యౌవనంలో కలసి చమురు బావులు తవ్విన భాగస్వాములు. వ్యాపారంలో జాక్ తనను మోసగించాడనీ, తాను ప్రేమించిన ఎల్లీని కూడా అతడే వివాహమాడాడనీ డిగ్గర్ నమ్మకం. ఈ పగ తరువాతి తరానికి సంక్రమించినది. తొలి భాగంలో జాక్ చిన్న కుమారుడు బాబీ, డిగ్గర్ కుమార్తె పమేలాను వివాహం చేసుకొని తమ ఇంటికి తీసుకొని వస్తాడు. కథ అంతా ఇక్కడ నుండే అల్లుకొన్నది.

యూయింగ్ ఆయిల్ కంపెనీపై ఆధిపత్యం కొరకు పెద్ద కుమారుడు జె.ఆర్. పన్నే కుతంత్రాలు, అన్నదమ్ముల వైషమ్యాలు, అత్తాకోడళ్ళ సంబంధాలు, వారసత్వ వివాదాలు కథలోని ప్రధానాంశాలు. వ్యాపారంలో ఒకరి గొంతు ఒకరు కోసుకొనే అన్నదమ్ములు రాత్రి ఒకే బల్ల వద్ద భోజనానికి కూర్చుంటారు. మూడు తరాలవారు ఒకే ఇంటిలో నివసించే ఇటువంటి ఉమ్మడి కుటుంబం అమెరికా సమాజంలో సాధారణం కాదు. అయినను కథకు కావలసిన ఘర్షణ అంతా ఈ ఏర్పాటు నుండే లభించినది.

ముఖ్య పాత్రధారులు:

జె.ఆర్. యూయింగ్ – లారీ హేగ్మన్
బాబీ యూయింగ్ – పాట్రిక్ డఫీ
పమేలా – విక్టోరియా ప్రిన్సిపాల్
స్యూ ఎలెన్ (జె.ఆర్. భార్య) – లిండా గ్రే
మిస్ ఎల్లీ (తల్లి) – బార్బరా బెల్ గెడెస్
జాక్ యూయింగ్ (తండ్రి) – జిమ్ డేవిస్
లూసీ (గ్యారీ కుమార్తె) – ఛార్లీన్ టిల్టన్
రే క్రెబ్స్ – స్టీవ్ కనాలీ
క్లిఫ్ బార్న్స్ (పమేలా సోదరుడు) – కెన్ కెర్చవెల్
క్లేటన్ ఫార్లో – హోవర్డ్ కీల్

మొదట బాబీ, పమేలాల ప్రేమకథగా ఉద్దేశించిన ధారావాహికలో జె.ఆర్. పాత్ర క్రమంగా కేంద్రస్థానాన్ని ఆక్రమించినది. లారీ హేగ్మన్ అంతకు ముందు 1965–70 మధ్య ప్రసారమైన ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ అనే హాస్య ధారావాహికలో నాయకుడు. చిరునవ్వు చెదరకుండా ద్రోహం చేసే ప్రతినాయకునిగా ఈ పాత్రతో అతనికి ప్రపంచవ్యాప్త ఖ్యాతి లభించినది. ఎమ్మీ పురస్కారానికి ప్రతిపాదింపబడినను ఈ పాత్రకు అతనికి ఆ పురస్కారం రాలేదు. బార్బరా బెల్ గెడెస్ 1980లో ఉత్తమ నటిగా ఎమ్మీ పొందినది.

జిమ్ డేవిస్ 1981 ఏప్రిల్‌లో మరణించాడు. ఆ పాత్రకు వేరొక నటుని తీసుకొనక, కథలో కూడా జాక్ మరణించినట్లు చూపించారు. 1984–85లో మాత్రం మిస్ ఎల్లీ పాత్రను బెల్ గెడెస్ స్థానంలో డోనా రీడ్ పోషించినది. మరుసటి సంవత్సరం బెల్ గెడెస్ తిరిగి రావడంతో డోనా రీడ్‌ను తొలగించారు. ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించగా వివాదం పరిహారంతో పరిష్కారమైనది. ఆమె 1986 జనవరిలో కన్ను మూసినది.

జె.ఆర్.ను కాల్చినదెవరు?

1979–80 సీజను చివరిలో సి.బి.ఎస్. అదనపు భాగాలను కోరడంతో, రచయితలు కథానాయకుని కంటె ఎక్కువగా పేరు పొందిన ప్రతినాయకుని మీదనే తుపాకీ గురిపెట్టారు. 1980 మార్చి 21న ప్రసారమైన భాగం చివర, రాత్రి కార్యాలయంలో ఒంటరిగా ఉన్న జె.ఆర్.ను గుర్తు తెలియని వ్యక్తి రెండుసార్లు కాల్చగా అతడు నేలకొరుగుతాడు. ఆ సీజను అంతటితో ముగిసినది. కథను ఉత్కంఠభరిత ఘట్టం వద్ద ఆపి ప్రేక్షకులను నిరీక్షింపజేసే ఈ పద్ధతిని ఆంగ్లంలో క్లిఫ్ హ్యాంగర్ అంటారు.

నిందితులు కాదగినవారు అనేకులు. భార్య స్యూ ఎలెన్, శత్రువు క్లిఫ్ బార్న్స్, మోసపోయిన వ్యాపారులు, చివరికి సొంత కుటుంబ సభ్యులు సైతం అనుమానితుల జాబితాలో ఉన్నారు. సమాధానం సెప్టెంబరులో తెలియవలసి ఉండగా, 1980 జూలైలో మొదలైన నటీనటుల సమ్మె వలన కొత్త సీజను ఆలస్యమైనది. అదే వేసవిలో లారీ హేగ్మన్ అధిక పారితోషికం కొరకు పట్టుబట్టాడు. తుపాకీ దెబ్బ తిన్న పాత్ర బ్రతుకుతుందా అనే ప్రశ్న అతనికి బేరంలో బలమైనది. చివరకు నిర్మాతలు అంగీకరించక తప్పలేదు.

ఎనిమిది నెలల ఈ నిరీక్షణలో ప్రశ్న జాతీయ చర్చనీయాంశమైనది. టైమ్ పత్రిక 1980 ఆగస్టు 11 సంచిక ముఖచిత్రంగా హేగ్మన్‌ను ప్రచురించినది. బ్రిటన్‌లో పందేలు కాశారు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఎన్నికల నిధుల సేకరణకై డల్లాస్ వెళ్ళినపుడు ఈ రహస్యాన్ని గురించి పరిహాసమాడాడు. సమాధానం బయటికి పొక్కకుండా వేర్వేరు నటులు జె.ఆర్.ను కాల్చినట్లు పలు దృశ్యాలను చిత్రీకరించారు.

నవంబరు 21న ప్రసారమైన భాగంలో, కాల్చినది స్యూ ఎలెన్ చెల్లెలు క్రిస్టిన్ అని తెలిసినది. ఈ పాత్రధారిణి మేరీ క్రాస్బీ. ఆ రాత్రి ప్రేక్షకుల సంఖ్య 8 కోట్ల 30 లక్షలుగా అంచనా వేయబడినది. అదే నెలలో జరిగిన అధ్యక్ష ఎన్నికలలో పోలైన ఓట్లు సుమారు 8 కోట్ల 65 లక్షలు. కావున ఎన్నికలలో ఓటు వేసినవారి కంటె డల్లాస్ చూసినవారే ఎక్కువ అని తరచుగా చెప్పే మాట సరికాదు. రెండు సంఖ్యలూ దగ్గరగా ఉన్నవన్నది మాత్రం వాస్తవం.

రేటింగు, షేరు

అమెరికాలో టీవీ కార్యక్రమాల వీక్షణను నీల్సన్ సంస్థ కొలుస్తుంది. ఆర్థర్ నీల్సన్ 1923లో స్థాపించిన ఈ సంస్థ 1950 నుండి టీవీ రేటింగులను ప్రకటిస్తున్నది. డల్లాస్ తొలినాళ్ళలో, ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళ టీవీలకు అమర్చిన యంత్రాలు, మరికొన్ని ఇళ్ళవారు వ్రాసి పంపే డైరీలు ఇందుకు ఆధారం. 1987 నుండి, ఇంటిలో ఎవరు చూస్తున్నారో కూడా నమోదు చేసే పీపుల్ మీటర్లు వాడుకలోకి వచ్చినవి. భారతదేశంలో టి.ఆర్.పి. అని వ్యవహరించేది కూడా ఇటువంటి నమూనా పద్ధతిలోని కొలతయే.

ఈ లెక్కలో రెండు సంఖ్యలను వేరుగా గ్రహించాలి.

రేటింగు: దేశంలో టీవీ ఉన్న ఇళ్ళన్నిటిలో ఆ కార్యక్రమం చూసిన ఇళ్ళ శాతం.
షేరు: ఆ సమయంలో టీవీ ఆన్ చేసి ఉన్న ఇళ్ళలో ఆ కార్యక్రమం చూసిన ఇళ్ళ శాతం.

నవంబరు 21 నాటి భాగానికి రేటింగు 53.3, షేరు 76. అనగా ప్రతి 100 టీవీ ఇళ్ళలో సుమారు 70 ఇళ్ళలో టీవీ నడుస్తున్నది. ఆ 70లో 53 ఇళ్ళు డల్లాస్ చూస్తున్నవి. నాటికి అమెరికాలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 7 కోట్ల 78 లక్షలు గనుక, ఈ భాగం చూసిన ఇళ్ళు సుమారు 4 కోట్ల 15 లక్షలు. అంతకు ముందు ధారావాహిక భాగాలలో 1967 ఆగస్టులో ది ఫ్యుజిటివ్ చివరి భాగం పొందిన 45.9 రేటింగు, లఘు ధారావాహికలలో 1977 జనవరిలో రూట్స్ చివరి భాగం పొందిన 51.1 రేటింగు అత్యధికములు. డల్లాస్ రెంటినీ దాటినది. 1983 ఫిబ్రవరి 28న మాష్ చివరి భాగం 60.2 రేటింగుతో ఈ రికార్డును అధిగమించినది. నాటి నుండి ధారావాహికల భాగాలలో డల్లాస్‌ది రెండవ స్థానం.

నెట్‌వర్కుల ఆదాయం ప్రకటనల మీద, ప్రకటనల ధర రేటింగుల మీద ఆధారపడి ఉంటుంది. స్థానిక స్టేషన్ల ప్రకటన ధరలను నిర్ణయించుటకు ఏటా నవంబరు, ఫిబ్రవరి, మే, జూలై నెలలలో విస్తృతంగా వీక్షణ లెక్కలు తీసేవారు. ఈ నెలలలో ఉత్కంఠభరితమైన ఘట్టాలు, వివాహాలు, మరణాలు ఎక్కువగా రావడానికి ఇదే కారణం. మార్చిలో జరిగిన కాల్పులకు నవంబరులో సమాధానం చెప్పడం సమ్మె వలన సంభవించినను, నెట్‌వర్కుకు అది లాభించినది.

సీజన్ల వారీగా స్థానం

1978–79: 40వ స్థానం
1979–80: 6వ స్థానం, సగటు రేటింగు 25.0
1980–81: 1వ స్థానం, 34.5
1981–82: 1వ స్థానం, 28.4
1982–83: 2వ స్థానం, 24.6
1983–84: 1వ స్థానం, 25.7
1984–85: 2వ స్థానం, 24.7
1985–86: 6వ స్థానం, 21.9
1986–87: 11వ స్థానం, 21.3
1987–88: 22వ స్థానం, 16.8

ఈ పట్టికలో స్థానం ఒక కథ చెప్పగా, రేటింగు వేరొక కథ చెప్పుచున్నది. 1981–82లో డల్లాస్ ప్రథమ స్థానాన్ని నిలుపుకొన్నను, సగటు రేటింగు ఒక్క సంవత్సరంలో ఆరు పాయింట్లు తగ్గినది. మరొక విశేషమేమనగా, 2002–03లో అమెరికాలో ప్రథమ స్థానం పొందిన సి.ఎస్.ఐ. ధారావాహిక సగటు రేటింగు 16.3 మాత్రమే. డల్లాస్ 22వ స్థానానికి పడిపోయిన సంవత్సరపు రేటింగు కంటె ఇది తక్కువ. కేబుల్ చానళ్ళు పెరిగి ప్రేక్షకులు విడిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. కాబట్టి వేర్వేరు కాలాల రేటింగులను పోల్చి నాటి కార్యక్రమాలే గొప్పవనిగాని, నేటివి చూసేవారు లేరనిగాని నిర్ణయించడం సరికాదు. 1970ల చివరలో రాత్రి వేళ టీవీ చూసేవారిలో సుమారు 90 శాతం ఎ.బి.సి., సి.బి.ఎస్., ఎన్.బి.సి. అనే మూడు నెట్‌వర్కులలో ఏదో ఒకదానినే చూసేవారు. ఎంచుకొనుటకు వేరేమీ లేకపోవడం కూడా ఆ పెద్ద సంఖ్యలకు ఒక కారణం.

పోటీ ధారావాహికలు

డల్లాస్ విజయంతో ఇతర నెట్‌వర్కులు కూడా సంపన్న కుటుంబాల కథలను చేపట్టినవి. వీటిలో ముఖ్యమైనది 1981 జనవరి 12న ఎ.బి.సి.లో మొదలైన డైనాస్టీ. డెన్వర్ నగరంలోని కారింగ్టన్ కుటుంబపు ఈ కథను ఎస్తర్ షపీరో, రిచర్డ్ షపీరో దంపతులు సృష్టించగా, ఆరన్ స్పెల్లింగ్ నిర్మాతలలో ఒకడు. రెండవ సీజనులో జోన్ కాలిన్స్ పోషించిన అలెక్సిస్ పాత్ర ప్రవేశంతో దీనికి ఆదరణ పెరిగినది. 1984–85లో 25.0 సగటు రేటింగుతో డైనాస్టీ ప్రథమ స్థానం పొందగా, డల్లాస్ కేవలం 0.3 పాయింట్ల తేడాతో రెండవ స్థానంలో నిలిచినది. డైనాస్టీ 1989లో ముగిసినది.

జేన్ వైమన్ ప్రధాన పాత్ర ధరించిన ఫాల్కన్ క్రెస్ట్ (1981–1990) కూడా సి.బి.ఎస్.లోనే, శుక్రవారం రాత్రి డల్లాస్ తరువాత ప్రసారమయ్యేది. కాలిఫోర్నియాలోని ద్రాక్షతోటల యజమానుల కుటుంబకథ ఇది. డల్లాస్ ఆంగికంలో కుట్రలు, వ్యాపారం ప్రధానం కాగా, డైనాస్టీలో వేషభూషలు, వైభవం ప్రధానం. అభిమానులలో ఈ రెండింటిలో ఏది మేలు అనే చర్చ నేటికీ ముగియలేదు.

కల సీజను

పాట్రిక్ డఫీ ధారావాహికను విడిచిపెట్టడంతో 1985 మేలో బాబీ కారు ప్రమాదంలో మరణించినట్లు చూపించారు. మరుసటి సీజనులో రేటింగు తగ్గినది. హేగ్మన్ నచ్చజెప్పడంతో డఫీ తిరిగి రావడానికి అంగీకరించాడు. మరణించిన పాత్రను ఎట్లు బ్రతికించాలన్నది సమస్య. 1986 మే 16న ప్రసారమైన భాగం చివర పమేలా నిద్రలేచి స్నానాల గదిలో బాబీని చూసినది. ఆ సీజనులోని 31 భాగాలూ ఆమె కన్న కలయే అని సెప్టెంబరులో వివరించారు. రహస్యం బయటపడకుండా ఈ దృశ్యాన్ని ఒక సబ్బు ప్రకటన చిత్రీకరణ అనే నెపంతో తీశారు.

ప్రేక్షకుల స్పందన రెండు విధాలుగా వచ్చినది. బాబీ తిరిగి రావడం కొందరికి ఆనందం కలిగించగా, సంవత్సరమంతా శ్రద్ధగా చూసిన కథ జరగనే లేదనడం తమ నమ్మకాన్ని వమ్ము చేయడమేనని మరికొందరు భావించారు. నాట్స్ లాండింగ్‌లో బాబీ మరణం అప్పటికే ప్రస్తావింపబడి ఉన్నది. దానిని అక్కడ సవరించలేదు. దీనితో ఒకే కుటుంబానికి చెందిన రెండు ధారావాహికలు వేరు వేరు లోకాలకు చెందినవైనవి. కష్టమైన ముడిని కల అని తేల్చివేసే పద్ధతికి ఉదాహరణగా ఈ సీజనును నేటికీ పేర్కొంటారు.

క్షీణత, ముగింపు

1987లో విక్టోరియా ప్రిన్సిపాల్, 1989లో లిండా గ్రే, 1990లో బార్బరా బెల్ గెడెస్ ధారావాహిక నుండి వైదొలగారు. పాత పాత్రలు తగ్గిన కొలదీ కుటుంబ కథ అనే ఆధారం బలహీనపడినది. అదే కాలంలో కేబుల్ చానళ్ళు, వీడియో క్యాసెట్లు, 1986లో ప్రారంభమైన ఫాక్స్ నెట్‌వర్కు ప్రేక్షకులను పంచుకొన్నవి. కాస్బీ షో వంటి హాస్య కుటుంబ కథలు రేటింగులలో ముందుకు వచ్చినవి.

1991 మే 3న రెండు గంటల నిడివి గల చివరి భాగం ప్రసారమైనది. సర్వం కోల్పోయిన జె.ఆర్.కు, తాను పుట్టి ఉండకపోతే ఇతరుల జీవితాలు ఎట్లుండేవో ఒక వింత వ్యక్తి చూపిస్తాడు. ఆ వ్యక్తి పాత్రధారి జోయెల్ గ్రే. చివర తుపాకీ మ్రోగిన శబ్దం విని బాబీ గదిలోకి వస్తాడు. అతడేమి చూశాడో చూపకుండానే కథ ముగిసినది. సుమారు 3 కోట్ల 30 లక్షల మంది దీనిని చూసినట్లు అంచనా.

ఇతర దేశాలలో

డల్లాస్ 90కి పైగా దేశాలలో ప్రసారమైనది. బ్రిటన్‌లో 1980 నవంబరులో కాల్పుల రహస్యం వీడిన భాగాన్ని బి.బి.సి.లో 2 కోట్లకు పైగా ప్రేక్షకులు చూశారు. కమ్యూనిస్టు పాలనలో ఉన్న రుమేనియాలో కూడా ఇది ప్రసారం కావడం విశేషం. ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ మొదలగువారు దీనిని అమెరికా సాంస్కృతిక ఆధిపత్యానికి చిహ్నంగా విమర్శించారు. జపాన్‌లో మాత్రం ఆదరణ లభించలేదు.

టీవీ ప్రేక్షకుల అధ్యయనానికి డల్లాస్ ఒక ప్రధాన విషయమైనది. నెదర్లాండ్స్‌లో పరిశోధకురాలు యెన్ ఆంగ్ ఒక మహిళా పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చిన 42 ఉత్తరాల ఆధారంగా 1982లో ఒక గ్రంథం ప్రచురించినది. కథలోని సంపద అవాస్తవమైనను, అందులోని దుఃఖం, అసూయ, భయం ప్రేక్షకులకు వాస్తవంగా తోచాయని ఆమె ప్రతిపాదన. ఎలీహు కట్జ్, తమార్ లీబెస్ ఇజ్రాయెల్‌లోని వివిధ సముదాయాలవారు, అమెరికన్లు, జపనీయులు ఇదే కథను ఎట్లు గ్రహించారో పరిశీలించి 1990లో గ్రంథం వెలువరించారు. ఒకే కథను ఒక్కొక్క సముదాయం తన విలువల వెలుగులో వేరుగా చదువుకొంటుందని వీరి పరిశీలన.

అభిమానుల జ్ఞాపకాలు

శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు కుటుంబమంతా ఒకే టీవీ ముందు కూర్చోవడం, తెర మూడు నిలువు భాగాలుగా చీలి పాత్రలు కనిపించే ఆరంభ దృశ్యాలు, జెరాల్డ్ ఇమెల్ కూర్చిన ఆరంభ సంగీతం అభిమానుల జ్ఞాపకాలలో తరచుగా కనిపించే అంశాలు. వీడియో రికార్డర్లు ఇంకా అరుదుగా ఉన్న రోజులలో ఒక భాగం తప్పిపోతే మరల చూచుటకు పునఃప్రసారం వరకు ఆగవలసి వచ్చేది. అందువలన సోమవారం నాడు కార్యాలయాలలో, పాఠశాలలలో జరిగే సంభాషణ కూడా కార్యక్రమంలో ఒక భాగమైనది. పాత కథ ఇప్పుడు ఎన్నిసార్లైనా చూడవచ్చును. అందరూ ఒకేసారి చూచి, ఒకేసారి ఎదురుచూచిన అనుభవం మాత్రం డిస్కులలో లభించదు. అభిమానులు కోల్పోయినట్లు భావించేది ముఖ్యంగా దీనినే.

రేటింగులు ఈ జ్ఞాపకాలకు సాక్ష్యంగా ఉపయోగపడతాయి. తమకు ప్రియమైన కార్యక్రమాన్ని దేశంలో సగానికి పైగా ఇళ్ళు చూశాయన్న సంఖ్య అభిమానులకు గర్వకారణం. అయితే జ్ఞాపకం మొదటి ఏడెనిమిది సీజన్లనే పట్టుకొని చివరి సీజన్లను విడిచిపెట్టడం కద్దు. నాట్స్ లాండింగ్ అభిమానుల వాదన ఇందుకు భిన్నమైనది. రేటింగులలో ఎన్నడూ డల్లాస్ స్థాయిని అందుకోకపోయినను, అది డల్లాస్ ముగిసిన తరువాత కూడా రెండేళ్ళు కొనసాగినదనీ, సామాన్య కుటుంబాలకు దగ్గరగా ఉన్నదనీ వారంటారు.

పునఃప్రసారాలు, పునరాగమనాలు

వారానికి ఒక కథ ముగిసే కార్యక్రమాలను ఏ క్రమంలోనైనను తిరిగి ప్రసారం చేయవచ్చును. కొనసాగే కథలకు ఆ సౌలభ్యం లేదు. అయినను కేబుల్ చానళ్ళలో, ముఖ్యంగా 2000లో ప్రారంభమై 2013లో మూతబడిన సోప్‌నెట్ చానలులో, డల్లాస్, డైనాస్టీ, నాట్స్ లాండింగ్ పునఃప్రసారమైనవి. డల్లాస్ డీవీడీలు 2004 నుండి వెలువడినవి. 1996, 1998 సంవత్సరాలలో రెండు టీవీ చిత్రాలు కథను కొనసాగించగా, 2004లో పాత నటీనటులతో ఒక ప్రత్యేక కార్యక్రమం సి.బి.ఎస్.లో ప్రసారమైనది.

2012 జూన్ 13న టి.ఎన్.టి. కేబుల్ చానలులో కొత్త డల్లాస్ ప్రారంభమైనది. జె.ఆర్., బాబీల కుమారులు జాన్ రాస్, క్రిస్టఫర్ ప్రధాన పాత్రలుగా, హేగ్మన్, డఫీ, లిండా గ్రే తమ పాత పాత్రలలో నటించారు. తొలి ప్రసారాన్ని సుమారు 69 లక్షల మంది చూశారు. 1980 నాటి సంఖ్యతో పోల్చితే ఇది పన్నెండవ వంతు కూడా లేకపోయినను, ఆనాటి కేబుల్ ప్రమాణాలలో మంచి ప్రారంభమే. రెండవ సీజను చిత్రీకరణ జరుగుచుండగా 2012 నవంబరు 23న లారీ హేగ్మన్ డల్లాస్ నగరంలో కన్ను మూశాడు. 2013 మార్చి 11న జె.ఆర్. అంత్యక్రియల భాగం ప్రసారమైనది. ప్రేక్షకుల సంఖ్య తగ్గడంతో మూడు సీజన్లు, 40 భాగాల తరువాత 2014లో దీనిని రద్దు చేశారు. కొనసాగించవలసినదిగా అభిమానులు ఉద్యమించినను ఫలితం లేకపోయినది. ధారావాహిక సృష్టికర్త డేవిడ్ జేకబ్స్ 2023 ఆగస్టులో మరణించాడు.

విమర్శ

ధనమే పరమార్థమనే భావనను డల్లాస్ ఆకర్షణీయంగా చూపినదని విమర్శకులు పేర్కొన్నారు. ధనవంతులు సుఖంగా లేరని చూపి సామాన్య ప్రేక్షకులకు ఊరట కలిగించడమే దీని రహస్యమని మరికొందరి అభిప్రాయం. స్త్రీ పాత్రలు ఎక్కువగా భర్తల నీడలోనే ఉన్నవి. మద్యానికి బానిసైన స్యూ ఎలెన్ పాత్ర క్రమంగా స్వతంత్ర వ్యాపారవేత్తగా ఎదగడం ఇందుకు చెప్పుకోదగిన మినహాయింపు. టెక్సస్ జనాభాలో గణనీయంగా ఉన్న మెక్సికో మూలాలవారికి, నల్లజాతివారికి మూల ధారావాహికలో ప్రధాన పాత్రలు దాదాపు దక్కలేదు.

సౌత్‌ఫోర్క్

కథలో యూయింగ్ కుటుంబపు నివాసం సౌత్‌ఫోర్క్ రాంచ్. రాంచ్ అనగా పశువులు, గుర్రాలు పెంచే విశాలమైన క్షేత్రము. 1978 నాటి తొలి ఐదు భాగాలను ఫ్రిస్కోలోని వేరొక రాంచ్‌లో చిత్రీకరించారు. తరువాత డల్లాస్‌కు ఉత్తరాన ప్లేనో సమీపంలో పార్కర్ అనే ఊరిలోని భవనాన్ని ఉపయోగించారు. ఇంటి లోపలి దృశ్యాలలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని స్టూడియోలో తీసినవే. 1980ల మధ్య నుండి ఈ భవనం సందర్శకుల కొరకు తెరవబడినది. భవనాన్ని చూడవచ్చినవారు తెరపై కనిపించినంత పెద్దగా లేదని ఆశ్చర్యపడడం పరిపాటి.

1963లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన నగరంగా డల్లాస్‌కు ఏర్పడిన అపఖ్యాతిని కొంతవరకు మరపించినది ఈ ధారావాహికయే అని చెబుతారు. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ మొదలగు డల్లాస్ పరిసర పట్టణాలలో నేడు తెలుగువారు అధిక సంఖ్యలో నివసిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

డైనాస్టీ
నాట్స్ లాండింగ్
ఫాల్కన్ క్రెస్ట్
మాష్
నీల్సన్ రేటింగులు
సోప్ ఒపేరా
డల్లాస్ నగరం